మావయ్య పంపిన గడ్డిమిషను

వర్క్‌షాపు వెనక గది,
సోమవారం. కోతలకి ఇంకా నెల.

చిరంజీవి కత్తెరకి,

మావయ్య ఆశీస్సులు. ఫోను చేస్తే సరిపోయేదానికి ఉత్తరాలెందుకని మీ ఆయన అన్నాడని రాశావు. ఫోనులో నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది నువ్వు వినిపించుకోవు. ఉత్తరమైతే ఇద్దరికీ చదవక తప్పదు. నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడిన చెవులివి. మీ అత్త భోజనానికి పిలిస్తే మాత్రం ఎలా వినపడుతుందో డాక్టరు కూడా తేల్చలేకపోయాడు.

సంగతికి వస్తాను. రెడీమేడ్ దుకాణం వచ్చాక నీ కుట్టుమిషను మీద దుమ్ము పేరుకుంటోందనీ, మీ నాన్న వదిలివెళ్ళిన ట్రాక్టరు షెడ్డులో ఊరికే నిలబడి ఉందనీ, పాలడైరీ ఆసామి తన పొలాల్లో గడ్డంతా నీ చేత కట్టలు కట్టించుకుంటానంటున్నాడనీ రాశావు. అన్నీ సబబుగానే ఉన్నాయి. నా గడ్డిమిషను రెండేళ్ళుగా పట్టా కప్పుకుని పడుకుంది. నా మోకాళ్ళు ట్రాక్టరు ఎక్కనంటున్నాయి, ఎక్కితే దిగనంటున్నాయి. అంచేత గురువారం లారీలో పంపుతున్నాను.

ఊరికే కాదు, షరతు ఉంది. మొదటి కట్ట నుంచి చివరి కట్ట దాకా ఆ మిషను దగ్గర ఎవరి ఒంటి మీదా గీత పడకూడదు. నీకు గానీ, మీ ఆయనకి గానీ, దారిన పోయే కుక్క తోకకి గానీ. పడిందని తెలిసిన మర్నాడే లారీ వస్తుంది, మిషను తిరిగొస్తుంది, పాత ఇనుము కొనేవాడికి వెళ్ళిపోతుంది. వాడు రెండేళ్ళుగా దాని చుట్టూ కొత్త అల్లుడిలా తిరుగుతున్నాడు. గీత పడకుండా కోతలు దాటించావా, మిషను నీది. కాగితాలు నీ పేర రాసిస్తాను.

ఇక తగిలించడం. పావుగంట పని. చదునైన చోట చెయ్యాలి. ట్రాక్టరుని వెనక్కి తెచ్చేటప్పుడు దానికీ మిషనుకీ మధ్య మనిషి ఉండకూడదు. "రా రా, ఇంకాస్త రా" అంటూ చేతులూపుతూ సరిగ్గా ఆ మధ్యలోనే నిలబడే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మీ ఇంట్లో ఎవరో రాయను, లెక్కల మాస్టారు నొచ్చుకుంటారు. దగ్గరికి వచ్చాక ఇంజను ఆపు, హ్యాండ్‌బ్రేకు వెయ్యి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని అప్పుడు దిగు. ట్రాక్టరు వెనక కింద రెండు ఇనుప చేతులుంటాయి. ముందు ఎడమది తగిలించు, తర్వాత కుడిది. ఎందుకంటే కుడిదాన్ని పైకీ కిందకీ జరుపుకోవడానికి తిప్పుడు మర ఉంది, ఎడమదానికి లేదు. కాపురంలాగే. ఒకరు సర్దుకుంటారు, రెండోవారు ఉన్నచోటే ఉంటారు. పై చెయ్యి అన్నిటికీ ఆఖరున. పిన్ను పెట్టిన ప్రతిచోటా క్లిప్పు పెట్టాలి. క్లిప్పు లేని పిన్ను, ముడి వెయ్యని దారం. దర్జీకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత తిరిగే షాఫ్టు. ట్రాక్టరు బలమంతా దాంట్లోంచే మిషనుకి వెళుతుంది. దాని మెడ దగ్గర బొత్తాం నొక్కి తోస్తే గాట్లలో కూర్చుని టక్కుమంటుంది. టక్కుమన్నా నమ్మకు, వెనక్కి లాగి చూడు. షాఫ్టు మీద ప్లాస్టిక్ ముసుగు, ముసుగుకి సన్న గొలుసు ఉంటాయి. ఆ గొలుసుని కదలని చోట తగిలించు. లేకపోతే ముసుగు కూడా షాఫ్టుతో కలిసి తిరుగుతుంది. కాపలావాడు దొంగతో కలిసి తిరిగితే ఇంక కాపలా ఏముంది.

వదులు బట్టలు వద్దు. 

మీ మావయ్య


కుట్టుమిషను పక్కన,
ఆదివారం. కోతలు మొదలై వారం.

మావయ్యకి నమస్కారాలు.

మిషను క్షేమంగా దిగింది. పావుగంట పని అన్నావు, మాకు నాలుగు గంటలు పట్టింది. అందులో మూడు గంటలు మా మాస్టారు పుస్తకం చదివారు. మిషనుతో పాటు నువ్వు పంపిన ఆ జిడ్డు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివితేనే అర్థమవుతుందన్నారు. ముందుమాట చదివారు. హామీ షరతులు చదివారు, హామీ అయిపోయి ఇరవై ఏళ్ళు దాటినా. నేను ట్రాక్టరు వెనక్కి తెస్తూ అద్దంలో చూద్దును కదా, సరిగ్గా ట్రాక్టరుకీ మిషనుకీ మధ్య నిలబడి, "ఈ సమయంలో మధ్యన ఎవరూ నిలబడరాదు" అన్న వాక్యాన్ని నాకు వినపడేలా గట్టిగా చదువుతున్నారు.

దిగి, పక్కకి తీసుకెళ్ళి, మెట్టు మీద కూర్చోబెట్టాను. అక్కణ్ణుంచి చదవమన్నాను.

తర్వాత అంతా నువ్వు చెప్పినట్టే. ఎడమది, కుడిది, పైది. షాఫ్టు టక్కుమంది. లాగి చూశాను. మాస్టారు కూడా లాగి చూశారు. వీధిలో వాళ్ళు నలుగురు వచ్చి లాగి చూశారు. గొలుసు కట్టాను. నాకోసం బిగుతు చేతుల కోటూ పంట్లామూ కలిపి ఒకే ముక్కగా కుట్టుకున్నాను. ఇన్నేళ్ళలో నాకోసం నేను కొలత తీసుకోవడం ఇదే మొదటిసారి, నడుము దగ్గర టేపు తప్పు చూపించింది.

మావయ్యా, ఇది గడ్డిమిషను కాదు, నా కుట్టుమిషనుకి పెద్దమ్మ కూతురు. దారం పెట్టె ఉంది, దారం నడిచే దారి ఉంది, బిగువు చూసుకునే స్ప్రింగు ఉంది, చివర దారం తెంపే కత్తి ఉంది. ముందున్న ముళ్ళ రీలు గడ్డిని ఎత్తి లోపలికి ఇస్తుంది, లోపల రోలర్లు దాన్ని గుండ్రంగా చుడతాయి, నిండగానే బజరు మోగుతుంది. ఆగి, దారం చుట్టించి, వెనక తలుపు ఎత్తితే కట్ట బయటికి దొర్లుతుంది. మొదటి కట్ట దొర్లినప్పుడు, నవ్వకు, నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. దుమ్ము అని చెప్పాను.

దొర్లడమంటే గుర్తొచ్చింది. మూడోరోజు ఏటవాలు చేనులో తలుపు ఎత్తాను. కట్ట దిగింది, ఆగలేదు. చేను దాటింది, రోడ్డు దాటింది, క్షౌరశాల గుమ్మంలో బిరడా బిగించినట్టు కూర్చుంది. లోపల సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి బయటికి రాలేక అరగంట అక్కడే ఉన్నాడు. ఎవరికీ గీత పడలేదు. ఆ పెద్దమనిషి బుగ్గ మీద ఒకటి ఉంది గానీ అది కత్తి గీత, మిషను గీత కాదు. షరతులోకి రాదు.

మాస్టారు ఒక సంగతి అడగమన్నారు. నీ ఎడమచేతి రెండు వేళ్ళూ సర్కస్ పులి కొరికిందని చిన్నప్పుడు నాకు చెప్పావు కదా. ఏ సర్కసు, ఏ ఊళ్ళో అని అడుగుతున్నారు. ఆయనకి అన్నిటికీ ఆధారాలు కావాలి.

నీ కత్తెర


వర్క్‌షాపు వెనక గది,
శుక్రవారం.

చిరంజీవి కత్తెరకి,

క్షౌరశాల సంగతి చదివి మీ అత్త నవ్వింది. నేను నవ్వలేదు. ఆ పెద్దమనిషి లోపల కాక గుమ్మంలో నిలబడి ఉంటే? గుండ్రటి కట్ట బండరాయి లాంటిది, తేడా ఏమిటంటే బండరాయి మెత్తగా కనపడదు. ఏటవాలులో ట్రాక్టరుని అడ్డంగా తిప్పుకుని తలుపు ఎత్తు, అప్పుడు కట్ట దిగినచోటే ఉంటుంది. వెనక మనిషి లేడని చూసుకున్నాకే ఎత్తు. నేనొకసారి చూసుకోకుండా ఎత్తితే కట్ట వెళ్ళి ఆ పొలం ఆసామి కుర్చీని నేలమట్టం చేసింది. ఆసామి అప్పుడే లేచి మంచినీళ్ళకి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఆయన నేను పనిచేసే చోటికి వస్తే కుర్చీ తెచ్చుకునేవాడు కాదు, నిలబడే ఉండేవాడు. నిలబడ్డ మనిషి తొందరగా ఇంటికి వెళతాడు. ఆ విధంగా నాకు మేలే జరిగింది. ఏదో చెప్పబోయి ఎక్కడికో వచ్చాను.

నువ్వు కుట్టుమిషనుతో పోల్చడం నాకు నచ్చింది, నచ్చలేదు కూడా. కుట్టుమిషను కాలు తియ్యగానే ఆగుతుంది. ఇది ఆగదు. షాఫ్టు తిరగడం ఆపినా లోపల రోలర్లు కాసేపు వాటి ఊపు మీద తిరుగుతూనే ఉంటాయి. గడ్డి ఇరుక్కున్నా, దారం చిక్కుపడ్డా, షాఫ్టు ఆపాలి, ఇంజను ఆపాలి, తాళంచెవి జేబులో పడాలి. అన్నీ నిలిచిపోయాయని కళ్ళతో చూడాలి. చెయ్యి ఆ తర్వాత.

పులి సంగతి మాస్టారికి ఇలా చెప్పు. ముసలి పులి, పళ్ళు నాలుగే ఉన్నాయి, ఆ నాలుగూ నా మీదే వాడింది. ఊరు గుర్తులేదు, పులికి కూడా గుర్తుండి ఉండదు.

మీ మావయ్య

ఇది మీ అత్త రాస్తున్నది. పులీ లేదు, పిల్లీ లేదు. పని మీద వెళ్ళినప్పుడు సైకిలు చైనులో పడి తెగాయి. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పిల్లలకి చెప్పిన కోతలు పెద్దయ్యాక కూడా కోస్తున్నారు ఈయన.


ముందు గది, బల్ల దగ్గర,
బుధవారం సాయంత్రం.

పూజ్యులైన మావయ్యగారికి,

దస్తూరి నాది. మాటలు మీ మేనకోడలివి. ఆమె చెప్పినది చెప్పినట్టు రాయమంది.

కోతలు బాగా సాగుతున్నాయి. పని ఒత్తిడిలో ఉత్తరం రాసే తీరిక లేక మాస్టారి చేత రాయిస్తున్నాను. (ఆమె ప్రస్తుతం నా ఎదురుగా కుర్చీలో ఖాళీగా కూర్చుని ఉంది. ఈ వాక్యం ఆమె చెప్పలేదు. సందర్భం స్పష్టంగా ఉండటానికి నేను చేర్చాను.)

ఇప్పటికి మూడువందల పన్నెండు కట్టలు అయ్యాయి. పాలడైరీ ఆసామి సంతోషంగా ఉన్నాడు. ఇంకా నది వైపు చేను ఒక్కటే మిగిలింది. మిషను బాగా పనిచేస్తోంది. కుడిచేతికి ఏమీ కాలేదు. (ఎడమచేతి గురించి కూడా రాయాలా అని అడిగాను. అక్కర్లేదంది.)

శనివారం నుంచి మిషను నడపలేదు. కారణం వాతావరణం. (వాతావరణం బాగానే ఉంది. ఎండ కాస్తోంది. కానీ 'కారణం వాతావరణం' అని రాయమంది, రాశాను.)

అత్తయ్యని అడిగానని చెప్పు. ఉంటాను.

మావయ్యగారూ, ఇక్కడి నుంచి మాటలు కూడా నావే. ఆమె మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంది. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి నేను చెబుతున్నది ఒకటే, జవాబు ఒక్కటే రాస్తే మార్కులు రావు, మధ్యలో మెట్లు చూపించాలి. ఈ ఉత్తరంలో మెట్లు లేవని మీరు గమనించే ఉంటారు. మెట్లు రాయనని మాట ఇచ్చాను కాబట్టి రాయడం లేదు. లేవని మాత్రం రాస్తున్నాను.

విధేయుడు,
దస్తూరి గల వ్యక్తి


వర్క్‌షాపు వెనక గది,
ఆదివారం.

అమ్మాయీ,

మాస్టారి దస్తూరి ముత్యాల్లా ఉంది. అబద్ధానికి అంత మంచి దస్తూరి నప్పదు.

చేతి సంగతి నేను అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు వచ్చేసరికి ఏం జరిగిందో అర్థమైంది, ఎంత జరిగిందో అర్థం కాలేదు. లారీవాడిని పిలుద్దామని చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే పులి సంగతి చెప్పాలి. పులి లేదు. సైకిలు కూడా లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఒక పెద్ద ఆసామి దగ్గర పనిచేశాను. మూడు ట్రాక్టర్లు, ముగ్గురు డ్రైవర్లం. షెడ్డు గోడ మీద ఎర్రరంగుతో రాయించాడాయన. ఒంటి మీద గీత పడిన డ్రైవరు మర్నాడు పనికి రానక్కర్లేదు అని. మా మీద ఎంత శ్రద్ధ అనుకున్నాం. నిజంగానే నాలుగేళ్ళలో ఆ పొలంలో ఎవరికీ ఏమీ కాలేదు. ఒకడు జ్వరమని పదిరోజులు చెయ్యి దుప్పట్లో దాచుకుని పడుకునేవాడు. ఇంకొకడికి తలుపు సందులో వేలు పడేది. ఆ ఊరి తలుపులంత దుర్మార్గపు తలుపుల్ని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఒక మధ్యాహ్నం గడ్డి కాస్త తేమగా ఉండి ముళ్ళ రీలు దగ్గర ఇరుక్కుంది. ఆపితే మళ్ళీ మొదలుపెట్టాలి కదా అని, తిరుగుతుండగానే దిగి ఒక గుప్పెడు పట్టుకుని లాగాను. గడ్డిని నేను పట్టుకున్నాననుకున్నాను. అదే నన్ను పట్టుకుంది. వదిలెయ్యాలని మనసుకి తోచేసరికి చెయ్యి అక్కడ లేదు, లోపల ఉంది. మనిషి ఆలోచన కంటే ఆ రీలు వేగం ఎక్కువ. పక్క చేలో ఉన్న డ్రైవరు పరుగెత్తుకొచ్చి ఇంజను ఆపాడు.

ఆసుపత్రిలో వాడే నా పక్కన కూర్చుని, ఆరు రోజుల కిందట తన చొక్కా చెయ్యి కూడా అక్కడే పట్టుకుందనీ, చిరిగి బయటపడ్డాననీ చెప్పాడు. మరి అప్పుడే చెప్పలేదేమిరా అన్నాను.

"చెబితే నన్ను రానక్కర్లేదంటాడు కదన్నా," అన్నాడు.

వాడు చెప్పి ఉంటే ఆరోజు నా చెయ్యి జంకేది. అయినా వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ వారమే నేనూ తృటిలో తప్పినదొకటి దాచాను. వేళ్ళు పోయాక కూడా ఆసామికి సైకిలు చైను అని చెప్పాను. మీ అత్త ఎక్కడ నోరు జారుతుందోనని ఆమెకీ అదే చెప్పాను. నువ్వు చిన్నపిల్లవి, సైకిలంటే భయపడతావని నీకు పులి చెప్పాను. పులంటే భయపడినా ఫరవాలేదు, రోజూ తొక్కేది కాదు కదా. తర్వాత ఆయన మిషను అమ్మేస్తుంటే నేనే కొన్నాను. నా వేళ్ళు తిన్న మిషను పరాయివాడి దగ్గర ఎందుకనిపించింది. నీ షెడ్డులో ఉన్నది అదే.

గుమ్మంలో నిలబడి ఆలోచిస్తే, నేను నీకు పెట్టిన షరతు మాట పొల్లుపోకుండా ఆ గోడ మీద రాతే. ఆ మనిషిని ఇరవై ఎనిమిదేళ్ళు తిట్టుకుంటూ, చివరికి ఆయన గోడనే లారీలో వేసి నీకు పంపాను. చెప్పులు విప్పేశాను.

పాత షరతు కొట్టేశాను. కొత్తది ఇదీ. చేసిన ప్రతి తప్పూ రాయాలి. చిన్నదీ, పెద్దదీ, తృటిలో తప్పిందీ. గీత పడిందని లారీ రాదు. దాచావని తెలిస్తే వస్తుంది. ఆఖరి కట్ట దాకా ఇంతే. ముందు ఆ చెయ్యి సంగతి రాయి. మెట్లతో సహా.

మీ మావయ్య

మీ అత్తని. సైకిలు చైను అని నమ్మి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరినీ సైకిలు ఎక్కనివ్వలేదు నేను. నిన్న నిజం చెప్పినప్పటి నుంచీ ఈయనతో మాట్లాడటం మానేశాను. వినపడదు కాబట్టి ఆయనకి ఇంకా తెలియలేదు. నీ చెయ్యి ఎలా ఉందో వెంటనే రాయి తల్లీ.


కుట్టుమిషను పక్కన,
గురువారం.

మావయ్యకి,

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు తాగి నడుస్తున్నట్టుంటే ఏమీ అనుకోకు. మాస్టారు రాసిపెడతానన్నారు. ఈసారి వద్దన్నాను.

ఆ శనివారం పొద్దున దారం చిక్కుపడింది. షాఫ్టు ఆపాను. ఇంజను ఆపలేదు. తాళంచెవి దాని చోటే ఉంది. దిగి వెళ్ళాను. రోలర్లు ఇంకా తిరుగుతున్నాయని చూశాను మావయ్యా, చూడలేదని చెప్పను. కానీ దారం కొస నా కళ్ళముందు వేలాడుతోంది. పద్దెనిమిదేళ్ళు కుట్టుమిషను ముందు కూర్చున్న చెయ్యి ఇది. దారం కొస కనపడితే నన్ను అడగదు, చక్రం ఇంకా తిరుగుతుండగానే వెళ్ళి పట్టుకుంటుంది. రోజుకి వందసార్లు చేసే పని. మిషను మారిందని నాకు తెలుసు, నా చేతికి ఎవరూ చెప్పలేదు.

దారం చేతి చుట్టూ తిరిగి, కోటు చేతి కొసన ఉన్న పట్టీని లోపలికి లాక్కుంది. పట్టీ ఊడి వెళ్ళిపోయింది, చెయ్యి బయట మిగిలింది. ఎందుకు ఊడిందో తెలుసా? ఆ కుడిచేతి పట్టీకి నేను పక్కా కుట్టు వెయ్యలేదు. తర్వాత వేద్దాంలే అని కచ్చా కుట్టు మీదే వదిలేశాను. ఎదుటివాళ్ళ బట్టలు ఏనాడూ అలా ఇవ్వలేదు. నా ఒక్కదానికే బద్ధకించాను, ఆ బద్ధకమే నా చెయ్యి కాపాడింది. దీంట్లో నీతి ఏమిటో మాస్టారు వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు.

మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది. రెండు వేళ్ళు బెణికాయి. మూడు వారాల్లో సర్దుకుంటుందని డాక్టరు అన్నాడు. డాక్టరుకి తలుపు సందు అని చెప్పాను. నీ ఉత్తరం చదివాక సిగ్గేసి, మళ్ళీ వెళ్ళి నిజం చెప్పి వచ్చాను.

మిషను తీసుకెళ్ళిపోతావని దాచాను. దర్జీ పని పోయింది, ఇదీ పోతే ఏం చెయ్యాలో తెలియక దాచాను. మాస్టారు మూడు రోజులు నాతో మెట్లు, మెట్లు అంటూనే ఉన్నారు. ఏ మెట్లు, మేడ మెట్లా అని నాకు కోపమొచ్చేది.

ఇంక నది వైపు చేను ఉంది. చేతికి భయం పట్టుకుంది. భయం లేని చెయ్యి ఎక్కువ ప్రమాదమా, భయమున్న చెయ్యి ఎక్కువ ప్రమాదమా, నువ్వే చెప్పు.

నీ కత్తెర


వర్క్‌షాపు వెనక గది,
మంగళవారం.

కత్తెరా,

రెండూ కాదు. తీరికగా ఉన్న చెయ్యి ప్రమాదం. నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. ఆమె నాతో మాట్లాడటం మానేసిందట, ఆ సంగతి మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాక చెప్పింది.

నీ చేతికి అలవాటు మానిపించలేం. పద్దెనిమిదేళ్ళది. దానికి వేరే పని ఇద్దాం. ఆ కోటుకి రెండు లోతైన జేబులు కుట్టుకో, పక్కా కుట్టు వెయ్యి. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసి దిగాక, రెండు చేతులూ ఆ జేబుల్లో పెట్టుకుని మిషను ముందు నిలబడు. లోపల ఆఖరి రోలరు ఆగేదాకా చేతులు బయటికి రాకూడదు. చూసేవాళ్ళు నవ్వుతారు. పనిలేనిదానిలా నిలబడిందేమిటి అంటారు. అననీ.

మీ మావయ్య


ముందు గది, బల్ల దగ్గర,
సోమవారం. కోతలు అయిపోయాయి.

మావయ్యకి నమస్కారాలు.

కుడిచేత్తోనే రాస్తున్నాను. కొత్త షరతు ప్రకారం తప్పులు ముందు రాస్తాను.

ఒకటి, బుధవారం మిషను తగిలించి కుడి పిన్నుకి క్లిప్పు మరిచిపోయాను. మాస్టారు చూశారు. మెట్టు మీద కూర్చునే చూశారు, మధ్యలోకి రాలేదు. రెండోది పెద్దది, నిన్న జరిగింది. దాన్ని మొదటినుంచీ చెప్పాలి.

నిన్న మధ్యాహ్నానికి నది వైపు చేనులో నాలుగు వరసలు మిగిలాయి. మబ్బు పట్టింది. పాలడైరీ ఆసామి చేనుగట్టు మీద నిలబడి ఒకసారి ఆకాశాన్నీ ఒకసారి నన్నూ చూస్తున్నాడు, తప్పంతా మా ఇద్దరిదే అన్నట్టు. మూడో వరసలో గడ్డి ముళ్ళ రీలు దగ్గర ఇరుక్కుంది. నేను సీటు మీద ఉన్నాను, మిషను తిరుగుతోంది. వెనక్కి చూసేసరికి ఆసామి గట్టు దిగి మిషను ముందుకి వచ్చేశాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు.

"ఆపకమ్మా, నువ్వు ఆపకు. ఒక్క గుప్పెడు, లాగేస్తే అయిపోతుంది," అంటూ వంగాడు.

నీ ఉత్తరంలో చదివిన ఆ మధ్యాహ్నం నా కళ్ళముందు నిలబడింది మావయ్యా. ఏది ముందు ఆపానో నాకు తెలియదు. షాఫ్టూ ఇంజనూ రెండూ ఆగాయి. తాళంచెవి తీసి జేబులో వేసుకుని దిగాను. రోలర్లు ఇంకా ఊపు మీద ఉన్నాయి. ఆయన్ని పక్కకి తోశాను. గౌరవంగా తోయడం ఎలాగో నాకు తెలియక మామూలుగానే తోశాను. తర్వాత రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.

వాన వస్తుంటే చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడిన మనిషిని ఆయన జన్మలో చూసి ఉండడు. అన్నీ ఆగాక కర్రతో గడ్డి తీసేశాను. రెండు నిమిషాల పని. మళ్ళీ తాళం తిప్పాను, ట్రాక్టరు పలకలేదు. నాన్న బ్యాటరీ కదా, ఒకసారి అలిగితే బతిమాలించుకుంటుంది. మాస్టారు వచ్చి పుస్తకం తెరిచేలోపు వాన దిగింది. ఒకటిన్నర వరస తడిసి ముద్దయింది. ఇంక పశువులు ముట్టవు.

నా తప్పు ఏమిటంటే, ఆయన మడుచుకుంటున్న చేతులు చూశాక ఆపాను. గట్టు దిగినప్పుడే ఆపాల్సింది. మబ్బునీ వరసల్నీ చూస్తూ మనిషిని చూడలేదు. అదీ సంగతి. లారీ పంపాలో వద్దో నీ ఇష్టం.

ఆసామి మాత్రం నా తప్పు అది కాదంటాడు. గుప్పెడు గడ్డికి జడిసి ఒకటిన్నర వరస వానపాలు చేశానంటాడు. వచ్చే కోతలకి వేరే మిషను చూసుకుంటానన్నాడు. నేను ఆయనకి ఏం చెప్పను? మీకేదో జరిగేది, జరగలేదు అనాలా? జరగనిదాన్ని చూపించమంటే ఎక్కణ్ణుంచి తెచ్చేది? మాస్టారు ఏదో చెప్పబోతుంటే చెయ్యి పట్టి ఆపాను.

వానలో చేను మధ్య నిలబడి, రెండు చేతులూ తలపైకి ఎత్తి, వేళ్ళన్నీ విప్పి, నన్నూ నా వంశాన్నీ మిషను పంపినవాణ్ణీ కలిపి తిట్టాడు మావయ్యా. పావుగంట తిట్టాడు. ఆ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. పదీ ఉన్నాయి.

నీ కత్తెర